కంప్యూటరుకు ఇంటి పనిముట్లు

ములగచెట్టు ఉన్న ప్రతి ఇంటను ఒక దోటి ఉండును. దానిని ఎవరును దుకాణమునకు పోయి కొనరు. చెట్టు ఎత్తును బట్టి వెదురుగడ తెచ్చి, కోయువారి చేతికి అనువగునట్లు దాని కొసకు ఒక కొక్కెమును కట్టుకొందురు. పొరుగింటివారి దోటి మన చెట్టుకు పొట్టిది కావచ్చును. మన దోటి వారికి బరువు కావచ్చును. అయినను ఎవరి దోటి వారికి చక్కగా పనిచేయును. కంప్యూటరు వాడువారిలోను ఇట్టి దోటులు కట్టుకొను అలవాటు చిరకాలమునుండి కలదు. వానినే స్క్రిప్టులు, యుటిలిటీలు అందురు. మేమిప్పుడు చెప్పదలచినది అట్టి చిన్న పనిముట్లను గూర్చి. అందును అందరు ఎరిగిన కంప్యూటరు వ్యవస్థలను విడిచి, కొద్దిమంది మాత్రమే వాడు ఒక వ్యవస్థలోని పనిముట్లను గూర్చి.

మొదట రెండు మాటల అర్థము తెలిసికొనుట మంచిది. కంప్యూటరు అను యంత్రము తనంతట తాను ఏమియు చేయలేదు. దాని జ్ఞాపకశక్తిని, డిస్కును, తెరను, కీబోర్డును తగురీతిని పంచిపెట్టి, వేర్వేరు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి తగవుపడకుండ నడుపు పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. బల్లమీది కంప్యూటర్లలో చాలభాగము మైక్రోసాఫ్టువారి విండోస్‌తో నడచును. కొన్ని ఆపిల్‌వారి మ్యాక్ వ్యవస్థతో నడచును. లినక్స్ మొదలగునవి వేరు. ఇక స్క్రిప్టు అనగా, మనము చేతితో ఒకదాని వెనుక ఒకటిగా ఇచ్చు ఆజ్ఞలను ముందుగానే ఒక ఫైలులో వరుసగా వ్రాసి ఉంచుకొనుట. ఆ ఫైలు పేరు చెప్పినచో యంత్రము ఆ వరుసను పొల్లుపోకుండ నెరవేర్చును. ఇల్లాలు ఊరికి పోవుచు, పాలు కాచుము, తులసికి నీరు పోయుము, తలుపు గడియ పెట్టుము అని పనిమనిషికి చెప్పి పోయినట్లే ఇదియు. ఒక్కటే భేదము. పనిమనిషికి బుద్ధి కలదు. పాలు విరిగినవని తెలిసినచో కాచుట మానును. యంత్రము విరిగిన పాలను గూడ కాచును.

మేము ఎన్నుకొన్న వ్యవస్థ పేరు హైకూ. దాని సంగతి తెలియవలెనన్న దానికి తల్లి వంటిదగు బీఓఎస్ సంగతి కొంత తెలియవలెను. ఆపిల్ కంపెనీలో ఉన్నతోద్యోగము చేసిన జాన్ లూయీ గాసే అను ఫ్రెంచి దేశీయుడు 1990లో దానిని విడిచి, అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘బీ’ అను చిన్న సంస్థను స్థాపించెను. పాత వ్యవస్థలు ఏండ్ల తరబడి మోయుచు వచ్చిన బరువులేవియు లేక, శబ్దములను, చలనచిత్రములను తడబాటు లేకుండ నడుపగల క్రొత్త వ్యవస్థను నిర్మించుట ఆ సంస్థ ఉద్దేశము. 1995లో బీబాక్స్ అను యంత్రము వెలువడినది. అందు రెండు ప్రాసెసర్లు ఉండెడివి. అవి ఎంతెంత శ్రమపడుచున్నవో చూపుటకు యంత్రము ముందుభాగమున రెండు వరుసల చిన్న దీపములు వెలుగుచు ఆరుచు ఉండెడివి. యంత్రము సొగసైనదే కాని వ్యాపారము సాగలేదు. 1996లో ఆపిల్‌వారు ఈ సంస్థను కొనుటకు బేరమాడి, వెల కుదరక, స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థను కొనిరి. బీబాక్సుల తయారీ 1997లో నిలిచిపోయెను. 1998లో బీఓఎస్ ఇంటెల్ ప్రాసెసర్లకు గూడ వచ్చినది. 2000లో వచ్చిన అయిదవ విడుదలను ఇంటిలో వాడుకొనువారికి ఉచితముగానే ఇచ్చిరి. అయినను 2001లో సంస్థ ఆస్తులను పామ్ అను మరియొక సంస్థకు ఒక కోటి పది లక్షల డాలర్లకు విక్రయింపవలసి వచ్చినది. వ్యవస్థ అంతటితో అనాథ అయ్యెను.

అప్పటికే దానిని నమ్ముకొని తమ కాగితములు, ఉత్తరములు, పాటలు అందులో దాచుకొన్నవారు వేలకొలది ఉండిరి. వారికి నిజమైన చిక్కు ఏమనగా, బీఓఎస్ ఫైళ్లను దాచు పద్ధతి ఇతర వ్యవస్థల పద్ధతి వంటిది కాదు. ఇంటి పనిముట్లు అందు అంతగా వర్ధిల్లుటకును, తరువాత వానిని కాపాడుకొనుట అంత కష్టమగుటకును కారణము ఆ పద్ధతియే. కనుక దానిని కొంత విపులముగా చెప్పెదము.

ఒక ఉత్తరమును తలచుకొనుడు. కవరులోపల ఉత్తరము ఉండును. కవరుపైన ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏ తేదీన టపాలో వేసిరి అనునవి ఉండును. కవరు విప్పకయే పైమాటలను చూచి, ఇది మేనమామ ఉత్తరము, ఇది బ్యాంకు ఉత్తరము అని మనము వేరు చేయగలము. సామాన్యముగా కంప్యూటరు వ్యవస్థలలో ఫైలు అను కవరుపై పేరు, పరిమాణము, తేదీ వంటి నాలుగైదు సంగతులకే చోటు ఉండెడిది. డొమినిక్ జంపావొలో, సిరిల్ మొరియోఁ అను ఇద్దరు ఇంజనీర్లు 1996-97 ప్రాంతమున బీఓఎస్ కొరకు నిర్మించిన ఫైళ్ల వ్యవస్థలో ఈ కవరుపై ఎన్ని సంగతులనైనను, ఏ పేరుతోనైనను వ్రాసికొనవచ్చును. వీనిని ఆట్రిబ్యూట్లు అందురు. మనము లక్షణములు అనుకొందము. పాట ఫైలుపై పాడినవారి పేరు, స్వరకర్త పేరు, సంవత్సరము వ్రాయవచ్చును. ఛాయాచిత్రముపై ఎవరి పెండ్లి, ఏ ఊరు అని వ్రాయవచ్చును.

ఇంతటితో ఆగిన అది ఒక ముచ్చట మాత్రమే అయి ఉండును. కాని ఆ లక్షణములకు సూచిక వేసి, డిస్కు అంతటిలో వెదకి తెచ్చు శక్తిని గూడ వారు అందే కూర్చిరి. పుస్తకము చివర పదముల పట్టిక ఉన్నట్లు, ప్రతి సంవత్సరము, ప్రతి గాయకుని పేరు ఎక్కడెక్కడ ఉన్నదో వ్యవస్థ ఒక పట్టికలో వ్రాసికొనును. ఫలానివారు 1960కి ముందు పాడిన పాటలు చూపుము అని అడిగినచో, వేలకొలది ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరువక, పట్టికను చూచి క్షణములో తెచ్చి పెట్టును. ఇట్టి ప్రశ్నను క్వెరీ అందురు. ఇందు మరియొక విశేషము కలదు. ఆ ప్రశ్నకు సమాధానముగా తెరపై తెరచిన కిటికీ సజీవముగా ఉండును. అంతలో ఆ గాయకుని పాట మరియొకటి డిస్కులోనికి వచ్చినచో, మనము మరల అడుగకయే అదియు ఆ కిటికీలో వచ్చి చేరును. చదువని ఉత్తరములు చూపు పెట్టె అను ప్రత్యేక ప్రోగ్రాము ఆ వ్యవస్థకు అక్కరలేకపోయెను. ప్రతి ఉత్తరమును ఒక ఫైలు. దానిపై క్రొత్తది అను లక్షణము ఉన్నవానిని చూపుము అని ఒక ప్రశ్న వ్రాసిన చాలును. జంపావొలో తరువాత 2002లో ఆపిల్ సంస్థలో చేరి, అక్కడ స్పాట్‌లైట్ అను వెదకు సాధనము నిర్మాణములో పాల్గొనెను. పెద్ద వ్యవస్థలకు ఈ చిన్న వ్యవస్థ నేర్పినది కొంత ఉన్నదని దీనిని బట్టియే తెలియును.

ఇప్పుడు దోటి కట్టు విధము చూతము. పాటలు సేకరించిన ఒక గృహస్థుని వద్ద మూడువేల పాటలు ఉన్నవనుకొందము. ఆ ఫైళ్లలోపల గాయకుని పేరు, సంవత్సరము ఎవరో వ్రాసియే ఉందురు; కాని అవి కవరు లోపలి మాటలు. వానిని కవరు పైకి తేవలెను. మూడువేల ఫైళ్లకు చేతితో వ్రాయుట మనుష్యమాత్రులకు విసుగు పుట్టించు పని. స్క్రిప్టులో ఆ పని పది పంక్తులకు మించదు. ఈ సంచిలో ఉన్న ప్రతి ఫైలునకు ఇట్లు చేయుము అని మొదట చెప్పవలెను. ఫైలు లోపలి గాయకుని పేరును చదువుము, దానిని గాయకుడు అను లక్షణముగా ఫైలుపై వ్రాయుము, పిమ్మట రెండవ ఫైలునకు పొమ్ము అని చెప్పవలెను. లక్షణమును వ్రాయు ఆజ్ఞను యాడ్‌ఆటర్ అనియు, ఉన్న లక్షణములను చూపు ఆజ్ఞను లిస్ట్‌ఆటర్ అనియు పిలుతురు. ఇవి వ్యవస్థతోపాటు వచ్చు చిన్న ఆజ్ఞలు. వీనిని కుట్టుట మాత్రమే మన వంతు.

ఇచ్చట తెలియక చాలమంది బోల్తాపడు సంగతి ఒకటి ఉన్నది. సూచికను ముందు వేసి, పిదప లక్షణములు వ్రాయవలెను. సూచిక వేయకముందు వ్రాసిన లక్షణములు ఆ పట్టికలోనికి తమంతట రావు. ఫైలుపై గాయకుని పేరు కన్నులకు కనబడుచునే ఉండును. ప్రశ్న అడిగినచో మాత్రము అట్టి పాట లేదనును. ఇది వ్యవస్థ అబద్ధమాడుట కాదు. జనాభా లెక్క ముగిసిన పిదప ఊరికి వచ్చినవాని పేరు పుస్తకములో లేనట్లే, పట్టిక తెరువకముందు వచ్చినవాని పేరును అందు లేదు. పూర్వము ఇందులకు ఫైళ్లను మరియొకచోటికి నకలు తీసి, పాతవానిని తొలగించు స్క్రిప్టులు వ్రాసికొనెడివారు. హైకూలో రీఇండెక్స్ అను ఆజ్ఞ ఉన్నది. అది పాతవారి పేర్లను గూడ పట్టికకు ఎక్కించును. ప్రశ్నలను గూర్చి ఇంకొక్క మాట. వానిని తాత్కాలికమని గుర్తు పెట్టి దాచినచో ఏడు రోజులకు తమంతట పోవును. రోజూ వాడు ప్రశ్న ఒక వారమునకు మాయమైనదని దిగులుపడువారు ఆ గుర్తును తీసివేసిన సరిపోవును.

రెండవ రకపు పనిముట్లు ఫైళ్లతో కాక, నడచుచున్న ప్రోగ్రాములతోనే మాటలాడునవి. బీఓఎస్‌లో ప్రోగ్రాములన్నియు ఒకదానికొకటి చిన్న చిన్న సందేశములు పంపుకొనుచు పనిచేయును. ఆ సందేశములకు ఒక చిన్న వ్యాకరణము కలదు. తెమ్ము, మార్చుము, సృజింపుము, తొలగింపుము, లెక్కింపుము, నెరవేర్పుము అను క్రియలు ఉన్నవి. కిటికీ, కిటికీ పేరు, కిటికీ ఉన్న చోటు వంటి నామములు ఉన్నవి. ఈ వ్యాకరణమును సామాన్యుని చేతికి ఇచ్చు చిన్న యుటిలిటీ పేరు హే. ఆ మాటకు మన భాషలో ఓయీ అని అర్థము. ఓయీ ట్రాకర్, నీ సున్నవ కిటికీ పేరు చెప్పుము అని ఆజ్ఞ వ్రాసినచో, ఫైళ్లను చూపు ట్రాకర్ అను ప్రోగ్రాము తన మొదటి కిటికీ పేరును చెప్పును. లెక్క సున్న నుండి మొదలగుట యంత్రముల అలవాటు; మొదట వింతగా తోచినను త్వరలోనే అలవడును.

దీనితో ఏమి ప్రయోజనము అని అడుగవచ్చును. అనువాదము చేయువాడు ఒకడు ప్రతి ఉదయమున మూల గ్రంథమును తెర ఎడమవైపున, తన వ్రాతను కుడివైపున, నిఘంటువును అడుగున అమర్చుకొని పని మొదలుపెట్టునని అనుకొందము. కిటికీ ఉన్న చోటును ఎడమ, పై, కుడి, క్రింది అంచుల నాలుగు అంకెలతో చెప్పవచ్చును. కనుక మూడు ప్రోగ్రాములను తెరచి, ఒక్కొక్కదానిని ఓయీ అని పిలిచి, నీ చోటు ఇది అని చెప్పు ఆరు పంక్తుల స్క్రిప్టును వ్రాసి, కంప్యూటరు మేలుకొనగనే నడచు బూట్‌స్క్రిప్టులో దానిని చేర్చిన చాలును. ఆయన కాఫీ త్రాగి వచ్చునప్పటికి బల్ల సర్దియుండును. చిన్న సౌకర్యమే. కాని ఆ ప్రోగ్రాములను చేసిన మువ్వురిలో ఏ ఒక్కరును ఇట్టి అనువాదకుని తలచుకొని చేయలేదు. వారి అనుమతి అడుగవలసిన అవసరము గూడ ఆయనకు కలుగలేదు. ప్రతి ప్రోగ్రాము ఇట్టి పిలుపులకు పలుకుట వ్యవస్థలోని రివాజు కాబట్టి ఇది సాధ్యమైనది. మా అభిప్రాయములో ఒక వ్యవస్థ మంచి చెడులను దాని అందమును బట్టి కాక, ఇట్టి పిలుపునకు అది పలుకు తీరును బట్టి నిర్ణయించుట మేలు.

శ్రోతలలో కొందరు ఆ ఆజ్ఞలను అక్షరము అక్షరముగా చదివి వినిపింపుమని కోరవచ్చును. చుక్కలను, గీతలను, కొటేషను గుర్తులను రేడియోలో చదువుట వినువారికి శిక్ష. ఇది అసాధ్యమని మాత్రము అనుకొనరాదు. నెదర్లాండ్స్ దేశపు ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ వారు 1980 దశకములో హాబీస్కోప్ అను కార్యక్రమమున కంప్యూటరు ప్రోగ్రాములనే ధ్వని రూపమున ప్రసారము చేసెడివారు. వినువారు ఆ కీచు ధ్వనులను క్యాసెట్టుపై రికార్డు చేసి, తమ కంప్యూటరుకు వినిపించినచో ప్రోగ్రాము అందులోనికి ఎక్కెడిది. ఆనాడు ఒక్కొక్క కంపెనీ కంప్యూటరు ఒక్కొక్క యాసలో మాటలాడెడిది కనుక, అన్నింటికిని పనికివచ్చునట్లు బేసికోడ్ అను ఉమ్మడి భాషను గూడ వారు ఏర్పరచిరి. రేడియో ఉన్న ఇంటివారు స్వయముగా చేసికొన్న పనిముట్లను రేడియో ద్వారానే ఇచ్చిపుచ్చుకొనిన కాలము అది.

మరల మన విషయమునకు వత్తము. ఇంటిలో చేసికొన్న పనిముట్టుకు పిడి సరిగా లేకున్న చేయి తెగును. స్క్రిప్టులలో అట్టి అపాయము ముఖ్యముగా రెండు చోట్ల ఉన్నది. మొదటిది ఫైలు పేరులోని ఖాళీ. ఒక సంచికి పాత పాటలు అని రెండు మాటల పేరు పెట్టితిమనుకొందము. స్క్రిప్టు దానిని పాత అను ఒక వస్తువు, పాటలు అను మరియొక వస్తువు అని చదువుకొనును. పాత పాటలు తొలగింపుము అని వ్రాసినచో, పక్కనే పాటలు అను వేరొక సంచి ఉన్నయెడల దానిపై కత్తి పడును. నివారణ సులభము. పేరు వచ్చు ప్రతి చోటును కొటేషను గుర్తుల నడుమ ఉంచిన రెండు మాటలును ఒకే పేరు క్రింద లెక్కకు వచ్చును. సులభమైనది కనుకనే దీనిని మరచిపోవుట గూడ సులభము.

రెండవది తొలగించు ఆజ్ఞ. కిటికీలో బొమ్మను లాగి చెత్తబుట్టలో వేసినచో మరల తీసికొనవచ్చును. స్క్రిప్టులోని తొలగింపు ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు, పోయినది పోయినట్లే. హైకూలో ఇందులకై ట్రాష్ అను వేరొక ఆజ్ఞ ఉన్నది. అది ఫైలును బుట్టలో వేయుచు, ఇంతకుముందు ఎక్కడ ఉండెనో ఆ చిరునామాను ఆ ఫైలుపైననే ఒక లక్షణముగా వ్రాసిపెట్టును. తిరిగి కావలెనన్నప్పుడు ఆ చిరునామాను చూచియే దానిని స్వస్థానమునకు చేర్చును. కవరుపై వ్రాయు పద్ధతి వ్యవస్థకు ఎంత వెన్నెముక అయి ఉన్నదో చూడుడు.

ఇంకను జాగ్రత్త కావలెనన్నవారికి అలర్ట్ అను చిన్న యుటిలిటీ ఉన్నది. ఇన్ని ఫైళ్లు తొలగించనున్నాను, సమ్మతమా అని తెరపై ఒక పలకను చూపి, మూడు బొత్తాముల వరకు పెట్టి, ఏది నొక్కితిరో స్క్రిప్టుకు తెలుపును. మొదటి బొత్తామునకు సున్న, రెండవదానికి ఒకటి, మూడవదానికి రెండు. ఆ అంకెను బట్టి స్క్రిప్టు ముందునకు పోవుటయో, ఆగుటయో జరుగును. ఒక పంక్తితో ఆజ్ఞల వరుసకు ఒక నోరు వచ్చినది. ఇంటిలో పిల్లలు గూడ కంప్యూటరు వాడునప్పుడు ఈ నోరు ఎంతో మేలు చేయును. ఇంతకంటె పెద్ద పనిముట్లు కావలెనన్నవారు యాబ్ అను భాషను ఆశ్రయింతురు. అది పాత బేసిక్ భాషకు కిటికీలు, బొత్తాములు చేర్చినది. సి ప్లస్ ప్లస్ వంటి కఠినమైన భాషను నేర్వకయే కిటికీలు గల చిన్న ప్రోగ్రామును దానితో చేయవచ్చును.

ఇక 2001 నాటి అనాథత్వమునకు వత్తము. సంస్థ అమ్ముడుపోయిన దినములలోనే, ఆ వ్యవస్థను మొదటినుండి తామే తిరిగి వ్రాయుదుమని కొందరు అభిమానులు పూనుకొనిరి. మొదట దాని పేరు ఓపెన్‌బీఓఎస్. పాత పేరుపై హక్కు మరియొకరిది కనుక 2004లో దానిని హైకూ అని మార్చిరి. జపానీయుల మూడు పాదముల చిన్న పద్యమునకు ఆ పేరు. బీఓఎస్‌లోని నెట్‌పాజిటివ్ అను బ్రౌజరు, పుట దొరకనప్పుడు కసురుకొనక, ఒక హైకూ పద్యమును చూపెడిది. ఆ జ్ఞాపకము ఈ పేరులో నిలిచినది. తొలి ఆల్ఫా విడుదల 2009 సెప్టెంబరులో, తొలి బీటా 2018 సెప్టెంబరులో, అయిదవ బీటా 2024 సెప్టెంబరులో వచ్చినవి. సంవత్సరములను చూచినవారికి ఆ పని ఎంత మెల్లగా సాగినదో తెలియును. జీతములు ఇచ్చు కంపెనీ లేక, చాల భాగము తీరిక వేళలలో జరిగిన పని అది.

ఈ నడిమి కాలములో పాత వ్యవస్థ సొత్తులో ఏవి బ్రతికినవి, ఏవి పోయినవి అని చూచుట ఆసక్తికరము. వెల పెట్టి కొన్న పెద్ద ప్రోగ్రాములలో మూలము బయటికి రానివి వాని యజమానులతోనే నిలిచిపోయినవి. మూలము అనగా మనుష్యులు చదువగల వ్రాత. దానిని యంత్రము చదువు అంకెలుగా మార్చిన పిదప, అంకెలు మాత్రము చేతిలో ఉన్నచో వానిని సవరించుట బహు కష్టము. బీబాక్స్‌లోని పవర్‌పీసీ ప్రాసెసరు కొరకు మార్చిన ప్రోగ్రాము 1998లో వచ్చిన ఇంటెల్ యంత్రముపై నడువదు. మూలము ఉన్నవారు తిరిగి మార్చవలసినదే. స్క్రిప్టునకు ఈ బాధ లేదు. దాని వ్రాతయే దాని మూలము. వ్రాసినవాని చిరునామా తెలియకపోయినను, చదువ నేర్చిన ఎవరైనను దానిని విప్పి చూచి సవరించుకొనవచ్చును. క్వెరీ, హే, అలర్ట్ అను ఆజ్ఞలు హైకూలోను అవే పేర్లతో ఉన్నవి కాబట్టి, వానితో అల్లిన పాత స్క్రిప్టులలో సాధారణముగా మార్చవలసినవి సంచుల చిరునామాలు మాత్రమే. ఆ చిరునామాలను గట్టిగా వ్రాయక, ఫలాని సంచి ఎక్కడ అని ఫైండ్‌డిర్ అను ఆజ్ఞతో వ్యవస్థనే అడిగి తెలిసికొను స్క్రిప్టులకు ఆ మార్పును అక్కరలేదు. పది పంక్తుల పనిముట్టు పెద్ద ప్రోగ్రాములకంటె దీర్ఘాయువు పొందుట మాకు ఈ కథలో మిక్కిలి నచ్చిన భాగము.

చిరునామాలు మారిన సందర్భములలో ఒకటి చెప్పదగినది. 2013లో హైకూలోనికి ప్యాకేజీల పద్ధతి వచ్చినది. నాటినుండి వ్యవస్థ సంచులలో చాలవానిలో ఎవరును ఏమియు వ్రాయజాలరు. చదువుటకు మాత్రమే అవి. పొరపాటున వ్యవస్థ చెడిపోవుట దీనివలన తగ్గినది. కాని ఇంటిలో చేసికొన్న పనిముట్లను ఎక్కడ పెట్టవలెను? వానికొరకు నాన్‌ప్యాకేజ్డ్ అను ఒక సంచిని విడిగా ఉంచిరి. దాని లోపలి బిన్ అను సంచిలో వేసిన స్క్రిప్టును పేరు చెప్పి ఎక్కడినుండియైనను పిలువవచ్చును. పెద్ద భవనమునకు తాళములు వేయుచు, పెరటిలో ఇంటివారి వడ్రంగము బల్లకు చోటు వదలిన మేస్త్రీని మెచ్చుకొనవలెను. కొందరు పాత వాడుకదారులు ఈ మార్పునకు కినుక వహించిరి. వారి బాధయు అర్థము చేసికొనదగినదే. వారు భవనమంతయు తమ పెరడుగా వాడుకొనుటకు అలవడియుండిరి.

అన్నింటికంటె తీవ్రమైన నష్టము మరియొక దారిని వచ్చును. బీఓఎస్‌లోను, హైకూలోను చిరునామాల పుస్తకము అనగా పెద్ద ఫైలు ఒకటి కాదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఫైలు. పేరు, టెలిఫోను నంబరు, ఇంటి చిరునామా అన్నియు ఆ ఫైలుపై లక్షణములుగా ఉండును. కవరు లోపల ఏమియు ఉండదు. వ్రాత అంతయు కవరుపైననే. ఈ ఫైళ్లను సామాన్యముగా విండోస్ కొరకు సిద్ధపరచిన పెన్‌డ్రైవుపైకి నకలు తీసినచో, అక్కడి పద్ధతిలో ఇట్టి లక్షణములకు చోటు లేదు గనుక అవి రాలిపోవును. రెండువందలమంది బంధుమిత్రుల పేర్లు ఫైళ్ల పేర్లుగా కనబడుచునే ఉండును. తెరచి చూచినచో ఒక్క నంబరు ఉండదు. అసలు ఫైళ్లు డిస్కుపై ఉన్నంతవరకు భయము లేదు. నకలు భద్రముగా ఉన్నదని నమ్మి డిస్కును తుడిచివేసినవారికే కడగండ్లు.

దీనికి గూడ ఇంటి పనిముట్టే మందు. హైకూలోని జిప్ అను ఆజ్ఞ లక్షణములను గూడ మూటలోనికి చేర్చి కట్టును. కనుక నకలు తీయు స్క్రిప్టు ముందుగా అన్నింటిని జిప్ మూటగా కట్టి, ఆ మూటనే పెన్‌డ్రైవుపై వేయవలెను. మూట ఏ పద్ధతి గల డిస్కుపైన ఉన్నను లోపలి కవర్లపై వ్రాత చెరగదు. తిరిగి హైకూలో విప్పినప్పుడు అన్నియు యథాస్థానములో ఉండును. జాగ్రత్తపరులు ఇంకొక మెట్టు ఎక్కి, మూటను కట్టిన వెంటనే వేరొక సంచిలో విప్పి, ఒక ఫైలు లక్షణములను చదివి, అసలుతో సరిపోల్చి, సరిపోనిచో అలర్ట్ పలకను చూపునట్లు స్క్రిప్టును వ్రాసికొందురు. నకలు తీయుట ఒక పని, తీసిన నకలు విప్పి చూచుట మరియొక పని. రెండవదానిని మనుష్యులు వాయిదా వేయుదురు, స్క్రిప్టు వేయదు.

ఈ వ్యవస్థను చూడవలెనను కోరిక కలిగినవారు తమ కంప్యూటరులో ఉన్నదానిని తొలగింపనక్కరలేదు. హైకూను ఒక పెన్‌డ్రైవుపై వ్రాసి, దానినుండియే యంత్రమును మేలుకొలిపి నడిపి చూడవచ్చును. ఇంకను బీటా దశలోనే ఉన్న వ్యవస్థ కనుక కొన్ని యంత్రములలోని వైర్‌లెస్ పరికరము, ధ్వని పరికరము దానికి పరిచయము లేనివై ఉండవచ్చును. ఇంటి లెక్కలన్నియు దానికే అప్పగింపుడని మేము చెప్పము. నడచిన యంత్రమున మాత్రము టెర్మినల్ అను ప్రోగ్రామును తెరచి, మొదట అలర్ట్ అను ఆజ్ఞను, దాని ప్రక్కన కొటేషను గుర్తుల నడుమ ఒక ప్రశ్నను, ఆపై అవును, కాదు అను రెండు బొత్తాముల పేర్లను వ్రాసి, ఎంటర్ మీటను నొక్కుడు. పలక తెరపైకి వచ్చి సమాధానము కొరకు వేచియుండును. ఆ పంక్తినే ఒక ఫైలులో వ్రాసి, దానికి నడచు అనుమతి ఇచ్చి, నాన్‌ప్యాకేజ్డ్ సంచిలోని బిన్‌లో వేసినచో అది మీ మొదటి పనిముట్టు అగును.